మీరే సర్దుకుంటారా?

భరణి కార్తె, ఒకటో రోజు

ఈ పుస్తకం ఎవరికీ చూపించడానికి కాదు. రాతకు విలువ లేదు కాబట్టే రాస్తున్నాను. ఎవరి చేతిరాతనైనా యంత్రాలు అచ్చు గుద్దినట్టు పుట్టించడం మొదలయ్యాక మా దిగువూరులో రాత చెల్లడం మానేసింది. ఇప్పుడు నోటి మాటే చెల్లుతుంది. చేతికున్న కడియం నాడి చూస్తుంది, గోడమీది పెట్టె మాట వింటుంది, రెండూ సరిపోతే అదే దస్తావేజు. వీధి మొదట్లో పెద్ద అక్షరాలతో బోర్డు కూడా పెట్టారు: నోరు మంచిదైతే ఊరు మంచిది. అంచేత ఎవర్నన్నా తిట్టుకోవాలంటే పుస్తకంలో తిట్టుకోవాలి. నేను తిట్టుకోవాల్సినవి బోలెడున్నాయి.

ఇవాళ పొద్దున్నే సర్దుబాటు శాఖ వాళ్ళు మా ఇంటి సర్దరిని, అదే సామాను సర్దే యంత్రాన్ని, దింపి వెళ్ళారు. ట్రంకు పెట్టెంత ఉంటుంది. నెత్తిమీద త్రాసు, ముందు తెర, లోపల తేనె పూసిన గొంతు.

"నమస్కారం హైమవతి గారూ. వేసవి సెలవు శుభాకాంక్షలు. మీ సామాను నేను సర్దనా, మీరే సర్దుకుంటారా?"

దాని చేతికిస్తే ఏమవుతుందో పక్కింట్లో చూశాను. పోయినేడు పట్టుచీర మడతల్లో ఉల్లిపాయలు పెట్టింది. "నేనే సర్దుకుంటాను" అన్నాను. కడియం వెచ్చబడింది. నమోదైందన్నమాట.

కృత్తిక కార్తె మొదటి రోజున ఊరు ఊరంతా ఎగువూరు కొండమీదికి వెళ్ళి, ఆరుద్ర చినుకు పడ్డాక దిగి వస్తుంది. నలభై రెండు రోజులు. దీన్నే వేసవి సెలవు అంటారు. వెళ్ళకపోతే ఎండకి చస్తాం కాబట్టి వెళ్తాం, పేరు మాత్రం సెలవు. నలభైమంది కింద నేలమాళిగలో ఉండి నీళ్ళ పంపులు, విత్తనాల గది, అరవై బర్రెలు చూసుకోవాలి. వంతుల ప్రకారం అంటారు. ఆ వంతు అయిదేళ్ళుగా నన్ను దాటి పోలేదు. అయిదు వేసవులు సూర్యుణ్ణి చూడలేదు. పోయినేడు ఎడమ చెవిలో పంపు మోత మొదలైంది. పైకొచ్చి పది నెలలైనా ఆగలేదు, ఇది రాస్తున్నప్పుడూ మోగుతూనే ఉంది. ఇంకో వేసవి కింద ఉంటే కుడి చెవి కూడా పోతుందని డాక్టరు చెప్పేశాడు.

ఈ ఏడు నేను వెళ్తున్నాను. సీటు వచ్చింది: ఇరవై మూడు, కిటికీ పక్క. ఆరేళ్ళ కిందట ఒకసారి వెళ్ళాను. అక్కడ మిట్టమధ్యాహ్నం జనం చెప్పుల్లేకుండా వీధిలో తిరుగుతారు.

మూడో రోజు

తలకి పదకొండు కిలోల సామాను. సర్దడం నాకు చిన్నప్పటి విద్య. చీరని మడవకూడదు, చుట్టాలి. ఆ చుట్ట మధ్యలో జాకెట్టు, జాకెట్టు మధ్యలో దువ్వెన. చెప్పుల లోపల సబ్బు, సబ్బు కూడా సగానికి కోసి. కొబ్బరినూనె సీసాతో కాదు, మందు సీసాలోకి వంచి. నా సంచి పక్కనే ఆయన సంచి కూడా నేనే సర్దాను. మా ఆయన విశ్వపతి గారు గాలిమరల ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ముప్పై ఏళ్ళ కాపురంలో తన బనీను ఏ అరలో ఉంటుందో కనుక్కోలేదు. "హైమా, నావి సర్దిపెట్టు" అంటారు, అంతే.

సర్దరి తెరమీద 'తెలివిగా సర్దుకోవడానికి పన్నెండు సూచనలు' తిరుగుతున్నాయి. అందులో పన్నెండోది: బరువులు ఇంట్లోవాళ్ళతో పంచుకోండి. ఎవరి బరువు ఎవరు పంచుకోవాలో చెప్పలేదు.

సాయంత్రం సంచి త్రాసు మీద పెడితే ఎర్రదీపం వెలిగింది. "మీ పరిమితి ఏడు కిలోలండీ. మీరు సర్దుకుంటానన్నందుకు ధన్యవాదాలు."

"పదకొండు కదా?"

"నాలుగు కిలోలు విశ్వపతి గారి పడక కుర్చీకి సర్దడమైనది."

ఆయన్ని అడిగాను. "నేనేం అడగలేదే" అన్నారు, పేపరు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నువ్వు సర్దుకుంటానన్నావని పెట్టే ఇచ్చింది. ఇచ్చినదాన్ని వద్దంటే బాగుంటుందా?"

ఒళ్ళు మండింది. అయినా నాలుగు కిలోలు తీసేశాను. ఎందుకు తీశానో ఇప్పుడు ఆలోచిస్తే నామీద నాకే కోపం వస్తోంది.

అయిదో రోజు

మూడు కిలోలు.

ఈసారి మా ఆడపడుచు శేషారత్నం వదిన ఇడ్లీ కుక్కరు, మిక్సీ. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. ఎండెక్కకముందే, ఏడింటికల్లా స్వయంగా వచ్చి చెప్పింది.

"ఎగువూరి క్యాంటీన్ ఇడ్లీ నోట్లో పెట్టుకోలేం హైమా, రాయి. నా బరువు చాలదు, ఎలాగా అని సర్దరి ముందు అనుకున్నానంతే. మీ మరదలు ఉంది కదా అంది. నీ పేరు దానికి నోటికొచ్చేసింది చూడు."

"వదినా, నలభై రెండు రోజులు నేనేం కట్టుకోను?"

"నువ్వు ఎలాగైనా నెట్టుకొస్తావులే. నీకున్న తెలివి మాకెక్కడిది?"

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. సంచి మళ్ళీ విప్పాను. రెండు చీరలు, ఒక తువ్వాలు, చెవి మందు, రక్తపోటు మాత్రలు, దువ్వెన సగం విరిచి. మూడు కిలోల్లో నలభై రెండు రోజులు పట్టించగల మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరుంటే తీసుకురండి. పట్టించాను. త్రాసు పచ్చదీపం వెలిగించింది. ఆ దీపం చూస్తే గర్వంగా కూడా అనిపించింది, నా మొహం మండ. తక్కువలో బతకగలనని నిరూపించిన ప్రతిసారీ ఇంకొంచెం తగ్గిస్తున్నారు.

ఏడో రోజు

సీటు పోయింది.

పొద్దున నిద్ర లేచేసరికి సర్దరి మాట్లాడుతోంది. "హైమవతి గారూ, సర్దుకుంటానన్న మీ పెద్దమనసుకు ధన్యవాదాలు. ఇరవై మూడో సీటు ఇంకొకరికి సర్దడమైనది. మీరు ఈ వేసవికి నేలమాళిగలో సర్దుకోగలరు. మాళిగలో సామానుకు బరువు పరిమితి లేదండీ. మీకు కావలసినంత తీసుకువెళ్ళవచ్చు."

ఆ చివరి మాటకి దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. ఎత్తబోయాను కూడా. ముప్పై కిలోలుంది. దానికి మాత్రం పరిమితి లేదు.

విశ్వపతి గారికి చెప్పాను. పాపం, కాసేపు బాధపడ్డారు. "అయ్యో, మళ్ళీనా?" అన్నారు. కాఫీ తాగారు. "పోనీలే, నీకు ఆ పని అలవాటేగా. కొత్తవాళ్ళయితే కష్టపడతారు" అన్నారు.

ఆరో ఏడు. ఇన్నేళ్ళుగా నాకే ఎందుకొస్తోందని ఒక్కసారీ అడగలేదు నేను. అడగందే అమ్మైనా పెట్టదు. రేపు అడుగుతాను.

ఎనిమిదో రోజు

సర్దుబాటు శాఖ ఆఫీసు చల్లగా ఉంటుంది. ఉప అధికారి పురుషోత్తం గారు మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు.

"మీ మాటే మీకు వినిపిస్తానమ్మా. మేం సొంతంగా చేసేదేం ఉండదు" అని మీట నొక్కాడు.

నా గొంతు. అయిదేళ్ళ నా గొంతు, గదినిండా.

*ఫర్వాలేదు, నేను సర్దుకుంటాను. కింది బెర్తు వదినకివ్వండి, నేను ఎలాగో సర్దుకుంటాను. కూర చాలకపోతే ఏం, నేను మజ్జిగతో సర్దుకుంటాలే. ఆయనకి ఫ్యాను కింద పక్క వేయండి, నేను సర్దుకుంటాను. నా సంచి నేనే సర్దుకుంటాను.*

"మొత్తం రెండువందల పద్నాలుగు సార్లు" అన్నాడు. "మీ వీధిలో మీదే ఎక్కువ. ఎవరి నోట ఆ మాట ఎక్కువసార్లు వస్తే వాళ్ళని ముందు సర్దుతాం. బలవంతం లేకుండా, ఇష్టపడినవాళ్ళనే పంపుతున్నాం చూడండి. వంతుల పద్ధతిలో ఎంత గొడవుండేదో!"

"అందులో సగం సంచి సర్దుకోవడమండీ! బట్టలు సర్దుకోవడం! మీ పెట్టే అడిగింది, మీరే సర్దుకుంటారా అని."

"యంత్రానికి ఒక మాటకి ఒకటే అర్థమమ్మా. సర్దుకోవడమంటే సర్దుబాటుకు ఒప్పుకోవడం."

"మరి సామాను సర్దుకోవడాన్ని ఏమనాలి?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఏమో, మా ఇంట్లో ఆ మాట అవసరం రాలేదు. మా ఆవిడ చూసుకుంటుంది."

చెవి సంగతి చెప్పాను. డాక్టరు మాట చెప్పాను. రెండో చెవి బాగానే పనిచేస్తోంది కదమ్మా అన్నాడు. ఈ ఒక్క ఏడాదికి ఎలాగో సర్దుకోండి, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టి లేచి వచ్చేశాను.

దారంతా కోపంతో గబగబా నడిచాను. ఆయన మీద సగమే. ఆ గొంతు నాది. సంచి గురించి అన్నవి నలభయ్యో యాభయ్యో ఉంటాయి. మిగతావన్నీ నేను నిజంగానే అన్నవి. మజ్జిగతో సర్దుకుంటాలే అన్నప్పుడు కంచం వైపు ఎవరైనా చూస్తారేమోనని అనుకున్న మాట నిజం. ఎవరూ చూడలేదు. యంత్రం ఒక్కటే శ్రద్ధగా వింది.

తొమ్మిదో రోజు

పొద్దున పాలకేంద్రంలో సలోమి కనిపించింది. నాతోపాటు నాలుగేళ్ళుగా మాళిగలో బర్రెలు చూసుకునేది. తమ్ముడి ఇంట్లో ఉంటుంది, తమ్ముడి కుటుంబానికంతా తనే వండి పెడుతుంది. తనకీ సీటు పోయింది.

"నలభైమందిలో ఎవరెవరున్నారే?" అన్నాను.

వేళ్ళమీద చెప్పుకుంటూ పోయింది. ఇంచుమించు అన్నీ ఆడపేర్లే. ముప్పై ఏడుమంది ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. ప్రతి ఏడూ దాదాపు ఇంతే. మాళిగ పని ఆడవాళ్ళకి బాగా వచ్చునేమో అనుకునేవాళ్ళం, పిచ్చిమొహాలం.

"ఆ ముగ్గురు మగవాళ్ళు ఎవరు?"

"పెళ్ళాం చచ్చిపోయిన ఇమాన్యుయేలు మాస్టారు. పెళ్ళి కాని గఫూరు. ఇంకొకడు ఆ గడియారాల నారాయణమూర్తి. వాళ్ళావిడ పుట్టింటికెళ్ళి మూడేళ్ళయింది గదక్కా."

పాలగిన్నె కిందపెట్టేశాను. నా బుర్రలో ఏదో టక్కుమంది.

"సలోమీ, మీ తమ్ముడు ఊరెళ్ళేటప్పుడు ఏమంటాడు?"

"ఏమంటాడు, అక్కా నా బట్టలు సర్దు అంటాడు."

"నువ్వో?"

"నావి నేను సర్దుకుంటా..." అని ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసింది. "ఓరి దీని దుంపతెగ!"

సర్దు అన్నవాడు కొండమీదికి, సర్దుకుంటాను అన్నది మాళిగలోకి. ఎవరి సంచి వాళ్ళే కట్టుకునే మనుషులు నలభైమందీ కిందికి! ఆ ముగ్గురు మగవాళ్ళకీ సర్దిపెట్టేవాళ్ళు లేరు గనుక వాళ్ళ నోటా అదే మాట. 'సర్దు' పక్కన 'కొను' చేరితే చాలు, మనిషి నేలకిందికి పోతాడు. ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఒక్కడికీ ఇది తట్టలేదు. తట్టాలంటే వాళ్ళలో ఒక్కడైనా తన పెట్టె తను సర్దుకొని ఉండాలి కదా!

ఇల్లు చేరాక విశ్వపతి గారి దస్తావేజు అడిగాను. ఇంటివాళ్ళది అడిగితే సర్దరి చెప్పి తీరాలి. "విశ్వపతి గారు, అయిదేళ్ళలో: సర్దు, సర్దిపెట్టు, సర్దావా, మూడువందల రెండు సార్లు. సర్దుకుంటాను, సున్నా."

పదో రోజు

మధ్యాహ్నం గదిలో నేనూ సర్దరీ ఉన్నాం. "హైమవతి గారూ, మాళిగ సామాను మీరే సర్దుకుంటారా?" అంది, అదే తేనె గొంతుతో.

"సర్దుకోను" అన్నాను. మొదట మామూలుగానే అన్నాను. తర్వాత గొంతు లేచింది. "నేను సర్దుకోను! ఈ ఏడూ సర్దుకోను, వచ్చే ఏడూ సర్దుకోను. వినబడిందా నీకు? సర్దుకోను!"

కడియం కాలింది. నాడి అంతలా కొట్టుకుంది.

"నమోదైందండీ. హైమవతి గారు సర్దుకోవడం లేదు. మాళిగ: రద్దు. సీటు: ఇరవై మూడు, కిటికీ పక్క." తెరమీద ఇంకో వరస వెలిగింది. "సామాను: లేదు."

"సామాను లేదేమిటి?"

"మీరు సర్దుకోనన్నారు కదండీ."

అవునంటే ఒకే అర్థం తెలిసిన యంత్రానికి, కాదనేసరికి రెండో అర్థం గుర్తొచ్చింది. తెలివంటే ఇదీ. పోనీ నువ్వే సర్దు అన్నాను. ఆ గడువు ఒకటో రోజుతో ముగిసిందండీ అంది.

చాపమీద కూర్చుండిపోయాను. సీటు ఉంది. సంచి లేదు. ఒంటిమీది చీరతో నలభై రెండు రోజులు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు రెండూ చేశాను.

ఆయన రాగానే అడిగాను, నా మూడు కిలోలు మీ పదిహేనులో పెట్టండి అని. ఆయన గది మూలనున్న పడక కుర్చీ వైపు చూశారు. "మరి కుర్చీ ఎక్కడ పెట్టను?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. అది విన్నాక నాకు భయం పోయింది. సంచి విప్పి చీరలు బీరువాలో పెట్టేశాను.

పదకొండో రోజు

పొద్దున్నే సలోమికి చెప్పాను. "సామాను పోతుంది, కానీ సీటొస్తుంది" అన్నాను.

"సామానుదేముందక్కా, నాకున్నవి నాలుగు చీరలు" అని పాలకేంద్రం గోడమీది పెట్టె ముందే నిలబడి, సువార్త చదివినంత గట్టిగా చెప్పింది: "నేను సర్దుకోను!" వరసలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఎనిమిదిన్నరకి ఎండెక్కేలోపల మేమిద్దరం పద్నాలుగు ఇళ్ళు తిరిగాం. సాయంత్రం మిగతావి. కొందరు వెంటనే అనేశారు. కొందరికి నోరు తిరగలేదు, నిజంగానే. సుభద్రమ్మ గారికి అరవై ఎనిమిదేళ్ళు. "సర్దుకో..." దాకా వచ్చి ఆగిపోయేది, చివరి అక్షరం రాదు. ఆవిడ జీవితంలో ఆ మాట అలా ముగించలేదట. ఆరోసారికి వచ్చింది. వచ్చాక తలుపు గడియ పట్టుకుని అలాగే నిలబడింది.

ఆ ముగ్గురు మగవాళ్ళకీ చెప్పాం. ఇమాన్యుయేలు మాస్టారు వ్యాకరణం చెప్పేవారు గనుక మేం సగం చెప్పేసరికే అర్థమై నెత్తి కొట్టుకున్నారు.

పన్నెండో రోజు

నలభైమంది కాదనేసరికి ఆఫీసు కదిలింది. కొత్త నిబంధన తెచ్చారు: ఎవరు మానుకుంటే ఆ ఇంటినుంచే ఇంకొకరు మాళిగకు. ఇంట్లో ఎవరూ లేకపోతే వీధిలో చీటీ. సర్దుబాటు శాఖ సిబ్బందికి మినహాయింపు, అడగక్కర్లేదు.

మా ఇంటినుంచి విశ్వపతి గారు.

పురుషోత్తం గారు సాయంత్రం స్వయంగా మా ఇంటికొచ్చాడు. పడక కుర్చీలో కూర్చోబెట్టాం.

"మీరంతా ఇలా పట్టుబడితే ఊరేమైపోతుందమ్మా? బర్రెలు మీ చేతికి అలవాటు. ఈ మగవాళ్ళకి పంపు తిప్పడం వచ్చా, పాలు పితకడం వచ్చా?"

"నాకూ రాలేదండీ, మొదటి ఏడు. పదిహేడో నంబరు బర్రె తన్ని వేలు విరిగింది. నేర్చుకున్నాను."

"ఈ ఒక్క ఏడాదికి..." అని, తర్వాతి మాట నా మొహం చూసి మింగేశాడు.

"రేపు పొద్దున ఆరింటికి మాళిగలో నేర్పుతాను. రమ్మనండి" అన్నాను. "గంట చాలదు, కానీ అంతకంటే నాకెవరూ నేర్పలేదు."

ఆయన వెళ్ళాక మా ఆయన పేలారు. "ఇంటి పరువు తీశావు. నువ్వొక్కదానివి నోరు మూసుకుని ఉంటే అందరం సుఖంగా ఉండేవాళ్ళం."

"అందరంలో నేను లేనా?"

"నీ సంగతి వేరు."

"ఏం వేరు? చెప్పండి, ఏం వేరో."

కుర్చీ దిండు తీసి మళ్ళీ పెట్టారు. చివరికి "నాకు ఆ మోత పడదు హైమా" అన్నారు, చిన్నపిల్లాడి గొంతుతో. జాలివేసింది. ముప్పై ఏళ్ళ మొగుడు, వేయకుండా ఎలా ఉంటుంది? జాలివేసినా నోటికి ఆ మాట రానివ్వలేదు. నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళు బిగించి ఆపాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

పదమూడో రోజు

పొద్దున మాళిగలో ముప్పైమంది మగవాళ్ళు ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. బర్రెలు వాళ్ళని చూసి నవ్వలేదు గానీ, సలోమి ఆపుకోలేకపోయింది. పదిహేడో నంబరు దగ్గరికి వెనకనుంచి వెళ్ళకూడదని, పొదుగు కడిగాకే పితకాలని, మూడో పంపు అరిస్తే భయపడక్కర్లేదు, అరవకపోతేనే భయపడాలని చెప్పాను. విశ్వపతి గారు బుద్ధిగా విన్నారు. రెండుసార్లు ప్రశ్నలు కూడా వేశారు. అయిదేళ్ళలో నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్నలు.

ఇంటికొచ్చి ఆయన మాళిగ సామాను ముందేసుకుని కూర్చున్నారు. సంచి నోరు తెరిచి ఉంది. అందులో ముందు కుర్చీ దిండు పెట్టారు, తర్వాత దాని మీద ఏం పెట్టాలో తోచలేదు. నావైపు చూశారు. నేను వెళ్ళి పక్కన నిలబడి, లుంగీ మడవకూడదు, చుట్టాలి అని చెప్పాను. చేతులు మాత్రం వెనక్కి కట్టుకున్నాను. చుట్టారు. వంకరగా వచ్చింది. ఇంకోటి చుట్టారు.

"చెవుల్లో దూది పెట్టుకోండి" అన్నాను. "మొదటిరోజు నుంచీ. నాకు ఎవరూ చెప్పలేదు."

ఆయన తల దించుకున్నారు. కోపం తగ్గిందేమో తెలియదు. నాకు మాత్రం తగ్గలేదు.

కృత్తిక కార్తె, ఒకటో రోజు

తెల్లవారగానే బండ్లు కదిలాయి. సామాను లేనివాళ్ళందరినీ సర్దరి ఒకే బండిలో వేసింది. తల మీద అరలు ఖాళీ, కాళ్ళ దగ్గర ఖాళీ, ఒళ్ళో ఖాళీ. నలభైమందిమి ఒంటిమీది బట్టలతో కూర్చున్నాం. నా జాకెట్లో మాత్రల పట్టీ ఉంది. సుభద్రమ్మ గారు రెండు చీరలు ఒకదానిమీద ఒకటి కట్టుకుని వచ్చింది, చెమటలు కారుతున్నాయి, మొహం మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. మోయడానికి ఏమీ లేక అందరి చేతులూ ఒళ్ళో అటూ ఇటూ కదులుతున్నాయి.

ఇరవై మూడు. కిటికీ పక్క. నాదే.

బండి ఊరి పొలిమేర దాటకముందే ఆగింది. పురుషోత్తం గారు ఎక్కాడు. రెండు పెట్టెలు, ఒక చుట్టిన పరుపు, భుజాన ఇంకో సంచి. ఆయన బండిలో సామాను ఎక్కువైందట. ఇక్కడ అరలు ఖాళీగా ఉన్నాయని సర్దరి తెలివిగా ఇటు పంపింది. పెట్టెలన్నీ పైన పెట్టించుకున్నాడు. తర్వాత చూస్తే సీట్లు నిండిపోయి ఉన్నాయి. ముగ్గురు కూర్చున్న మా బల్ల దగ్గరకొచ్చి, నా వైపు తిరిగి మర్యాదగా నవ్వాడు.

"అమ్మా, కాస్త అటు సర్దుకుని కూర్చుందురూ."

బండిలో అందరి తలలూ తిరిగాయి. ఇమాన్యుయేలు మాస్టారు కళ్ళజోడు తీశారు. సలోమి నా మోచెయ్యి పట్టుకుంది. బల్లమీద జరిగితే జానెడు చోటు వచ్చేదే. నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. బల్ల చివర జానెడు చోటు చాలు ఆయనకి, ఆరు గంటల ప్రయాణం.

"చోటు లేదండీ" అన్నాను.

కడియం వెచ్చబడింది.

ఆయన నిలబడ్డాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో పైన కడ్డీ పట్టుకుని అటూ ఇటూ ఊగాడు. ఏడో మలుపు దాటాక గాలి మారింది. కిటికీ తెరిచాను. దుమ్ము వస్తోంది, మూసేయండమ్మా అన్నారు వెనకనుంచి ఎవరో.

మూయలేదు.